పంకా తాడు కన్నం

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ముప్పై ఏళ్ళు చోడవరంలో పిల్లలకి లెక్కలు చెప్పాను. బడి వెనక పాత సామాన్ల గదిలో ఏదో ఉందని ఒక ఏడాది ఆడపిల్లలు హడలిపోతుంటే, అందర్నీ వరసగా ఆ గదిలోకి తీసుకెళ్ళి నిలబెట్టి అక్కడే ఎక్కాలు ఒప్పచెప్పించుకున్నాను. అనుమానం పెనుభూతం అని పలక మీద రాయించాను కూడా. నా సంగతి తెలిసినవాళ్ళెవరూ నా దగ్గర ఇలాంటి మాటలు ఎత్తరు.

అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. వెనకాడడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాస్తూ రాస్తూ ధైర్యం వస్తే అది కూడా చెప్తాను.

అరవయ్యో దశకం చివరి మాట. నాకు ఇరవై ఏళ్ళు. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. మా చెల్లి నూకరత్నానికి పదహారు. ఇంట్లో రత్నం అనేవాళ్ళం. అమ్మ మాత్రం గుంట అనేది, మా వైపు పిల్ల అని అర్థం. దానికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం.

మా చోడవరం వైపు చలికాలం వచ్చిందంటే చెరకు గానుగలు మొదలవుతాయి. బుచ్చయ్యపేట దాకా ఎక్కడ చూసినా బెల్లం పొయ్యిలే. వాటి కింద చెరకు పిప్పి మండుతుంది. ఆ వాసనకి ఊరందరికీ నోరూరుతుంది. మా ఇంట్లో మాత్రం ఆ పొగ తగిలితే రత్నం మంచం మీద లేచి కూర్చునేది. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, ఒక్కో ఊపిరినీ లోతు బావిలోంచి చేదతో తోడినట్టు తోడుకునేది. పక్కన కూర్చున్నవాళ్ళం దానితోపాటు మా ఊపిరీ బిగబట్టుకునేవాళ్ళం.

ఆ ఏడాది మరీ ఎక్కువైంది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, మందుతో పాటు ఇంకో మాట చెప్పాడు. గానుగల కాలం అయ్యేదాకా ఈ పిల్లని ఆ పొగలోంచి తప్పించండి, రెండు నెలలు సముద్రం గాలిలో ఉంచండి అన్నాడు. ఇంకో రెండు చలికాలాలు ఇలాగే గడిస్తే గుండె ఓర్చుకోలేదు అని నాన్నని పక్కకి పిలిచి చెప్పాడట. నాన్న అది నాకొక్కదానికే చెప్పారు. అమ్మకి చెప్పొద్దన్నారు.

మా నాన్న ఒక వకీలు దగ్గర గుమస్తా. ఆ వకీలుగారి కక్షిదారుల్లో ఒక భూస్వామి కుటుంబానికి భీమిలి దాటాక సముద్రం ఒడ్డున పాత బంగళా ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి ఎవరూ ఉండడం లేదు. ఇల్లు పాడుపడకుండా ఎవరైనా దీపం పెడితే చాలన్నారు వాళ్ళు. అలా అమ్మా, రత్నం, నేనూ సంక్రాంతి వెళ్ళిన వారానికి మూటాముల్లే సర్దుకుని అక్కడికి చేరాం. నాన్న శనివారం శనివారం బస్సులో వచ్చి వెళ్ళేవారు.

ఆ బంగళా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే జరిగినదంతా ఆ ఇల్లు కట్టిన తీరులోనే ఉంది.

దాన్ని కట్టించింది ఓడల వ్యాపారం చేసిన ఒక ఇంగ్లీషు దొర. భీమిలిలో ఓడలు ఆగే రోజుల్లో, వేసవి గడపడానికి కట్టుకున్నాడట. తర్వాత చాలా ఏళ్ళకి ఈ భూస్వాములు కొన్నారు. ఈ మాత్రం నాన్న పాత దస్తావేజుల్లో చూశారు. మిగతాదంతా సన్యాసి చెప్పినది. సన్యాసి అక్కడి కాపలా మనిషి, అరవై దాటినవాడు. అతని తండ్రి, తాత కూడా ఆ బంగళాలోనే చేశారు.

గోడలు రెండడుగుల మందం. ఇటుకా సున్నమూ తప్ప సిమెంటన్న మాట లేదు. పూత గాజులాగ నున్నగా ఉండేది, చెంప ఆనిస్తే చల్లగా తగిలేది. నేను దాన్ని రుద్ది చూస్తుంటే సన్యాసి నవ్వాడు.

"మీ సోడారం బెల్లమేనమ్మా ఈ గోడల్లో ఉన్నాది" అన్నాడు. "సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గానుగాడించేవోరు. నలభై బళ్ళు వొచ్చేయంట మీ కాడినుంచి."

బెల్లం పొగకి పారిపోయి వచ్చి బెల్లం గోడల మధ్య పడ్డామన్నమాట. రత్నం ఆ మాటకి పడీ పడీ నవ్వింది, నవ్వి దగ్గు తెచ్చుకుంది.

ముందు సముద్రం వైపు పొడుగాటి వరండా, లావాటి గుండ్రటి స్తంభాలు. తలుపులన్నీ బర్మా టేకు. వాటికి అడ్డంగా చెక్క రెక్కలు ఉండేవి, పుల్ల పైకెత్తితే రెక్కలు తెరుచుకుని గాలి వస్తుంది, దించితే మూసుకుంటుంది. వరండా వెనక పెద్ద హాలు. హాలు వెనక పడగ్గది. ఆ పడగ్గది కప్పు చాలా ఎత్తు. దూలానికి రెండు గొలుసులతో పొడుగాటి కర్రచట్రం ఒకటి వేలాడుతూ ఉండేది. అది పాతకాలం పంకా. దాని గుడ్డ ఎప్పుడో చివికిపోయింది, కర్ర మిగిలింది. మేం వెళ్ళిన రెండో రోజే అమ్మ బల్ల ఎక్కి దాని మీద తడిచీరలు ఆరేసింది.

ఆ గది వెనక గోడలో, ఆ చట్రం ఎత్తులో, నాలుగు వేళ్ళు పట్టేంత కన్నం ఉంది. కన్నం అంచున ఇత్తడి గిలక. పంకా తాడు అందులోంచి గోడ అవతలికి వెళ్ళేది. అవతల ఒక ఇరుకు వరండా. నేను చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. దానికి ఇంట్లోకి ద్వారం లేదు. పెరట్లోంచి మూడు మెట్లెక్కి అందులోకి వెళ్ళాలి. పంకా లాగేవాడు లోపలివాళ్ళకి కనపడకూడదు, వాడికి లోపలివాళ్ళు కనపడకూడదు. గాలి మాత్రం రావాలి. దొరలు అలా ఆలోచించి కట్టించుకున్నారు.

ఆ ఇరుకు వరండాలో ఒక మూల నేల గుంటపడి ఉంది, ఏళ్ళ తరబడి మనిషి కూర్చున్న గుంట. దాని పైన గోడకి బారెడు మేర నల్లటి మరక. తల నూనె మరక అది. ఒకరి తరవాత ఒకరు అక్కడ తల ఆనించి కూర్చునేవాళ్ళు. సెయ్యి నొప్పెడితే కాలి బొటనేలికి తాడు కట్టుకుని, తొంగుని, అంటే పడుకుని, లాగేవోరని సన్యాసి చెప్పాడు. అలా లాగినవాళ్ళ పేర్లు అడిగితే తనకి తెలీదన్నాడు. దొర పేరూ, దొరసాని పేరూ, వాళ్ళ కుక్క పేరూ మాత్రం చెప్పాడు.

ఈ ఇంట్లో ఎవరైనా చచ్చిపోయారా అని తరవాత ఒకసారి అడిగాను.

"అన్నేళ్ళ ఇల్లు. ఎవులూ సావకుండా ఉంటారేటమ్మా" అన్నాడు. అంతకంటే కథేమీ లేదు. నేను తరవాత ఎంత విచారించినా ఏమీ దొరకలేదు.

ఇక మా సంగతి. సముద్రపు గాలి కోసం అంత దూరం వెళ్ళామా, వెళ్ళిన మొదటి సాయంత్రమే మా అమ్మ ఇంట్లో ఉన్న తలుపులన్నీ మూసేసింది. మాఘమాసం గాలి రొమ్ము పట్టేస్తాదంది. తలుపు రెక్కలన్నీ దించేసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. రత్నం చెవులకి ఉన్ని మఫ్లరు చుట్టింది. మా వైపు దగ్గున్న మనిషికి గాలి తగలనిస్తే ఆ ఇంటి ఆడవాళ్ళని నలుగురూ తిడతారు. డాక్టరు ఏం చెప్పినా అమ్మ చేతులు ఆగవు.

"గాలి కోసం వొచ్చి గాలికి తలుపేసుకున్నారేటమ్మా" అని సన్యాసి నవ్వేవాడు.

నేను అమ్మతో రోజూ పోట్లాడేదాన్ని. నేను తెరవడం, ఆవిడ మూయడం. చదువుకున్నదాన్నని నాకు పొగరు. "నువ్వు నాకు సెప్పేదానివేటే, ఎందర్ని పెంచేవు?" అనేది అమ్మ. రత్నం మధ్యలో కూర్చుని మా ఇద్దర్నీ చూసి నవ్వేది.

ఈ గొడవ పడలేక, సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉందని అమ్మ రత్నం మంచాన్ని వెనక పడగ్గదిలోకి మార్చింది. సరిగ్గా ఆ పంకా చట్రం కింద.

అక్కడికి మారాక రత్నానికి నయం కనిపించింది. ముఖ్యంగా మధ్యాహ్నాలు. అంతవరకు పడుకోగానే పిల్లికూతలు మొదలయ్యేవి. ఇక్కడ భోజనం చేసి వెల్లకిలా పడుకుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. తలుపులు మూయడం వల్లే అని అమ్మ నా మీద గెలిచింది.

పదో రోజో, పదకొండో రోజో మధ్యాహ్నం రత్నం నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటున్నాను. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అమ్మ హాల్లో నడుం వాల్చింది. నా పుస్తకంలో కాగితం లేచింది. పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది.

పైకి చూశాను. పంకా చట్రం కదలడం లేదు. దాని మీద అమ్మ చీర అంచు కదలడం లేదు. కాగితం మాత్రం ఒకే వరసలో లేస్తూ పడుతూ ఉంది. నా నుదుటి మీద వెంట్రుకలు కూడా. కన్నంలోంచి వస్తోందేమో అనుకున్నాను. ఏ ఇంట్లోనైనా కన్నం ఉంటే గాలి వస్తుంది, అందులో వింత లేదు.

లెక్కలదాన్ని కదా, లెక్కపెట్టాను. నిమిషానికి పదహారు. అలల లయకి గాలి వస్తోందేమోనని వరండాలోకి వెళ్ళి అలలు లెక్కపెట్టాను. నిమిషానికి ఆరో ఏడో. మర్నాడు మళ్ళీ గాలి లెక్కపెట్టాను, పదహారు. ఆ మర్నాడూ పదహారు. బయట సముద్రపు గాలి జోరుగా ఉన్న రోజూ అంతే, ఆకు కదలని రోజూ అంతే.

నాలుగో రోజు రత్నం ఊపిరి లెక్కపెట్టాను. పడుకున్న కొత్తలో ఇరవై ఎనిమిది. కాసేపటికి ఇరవై నాలుగు. ఇరవై. తరవాత పదహారు. అక్కడ ఆగింది. కాగితం లేచినప్పుడు దాని రొమ్ము లేస్తోంది, కాగితం పడినప్పుడు దిగుతోంది.

గాలి దాని ఊపిరిని పట్టి నడవడం లేదు. దాని ఊపిరే గాలిని పట్టి నడుస్తోంది. ఎవరో చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించి తీసుకెళ్తున్నట్టు ఉంది. ఆ తీసుకెళ్ళే చెయ్యి ఒక చోట ఆగిపోతే రత్నం సంగతి ఏమిటి అన్న ఆలోచన ఒకటి నా బుర్రలో దూరింది. ఇక పోలేదు.

ఇక్కడే నా కారణం చెప్పాలి. నాకు భయం వేసింది. ఎక్కాలు ఒప్పచెప్పించుకున్న మనిషినే, ఇరవై ఏళ్ళప్పుడు ఆ పడగ్గదిలో మంచంకోడు పట్టుకుని నిలబడ్డాను. ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మకి చెప్తే ఆ పూటే మూటలు కట్టించి మళ్ళీ పొగలోకి తీసుకెళ్ళిపోతుంది. రెండు చలికాలాల సంగతి ఆవిడకి తెలీదు. నాకు తెలుసు.

ఆ కన్నం మూసేద్దాం అనుకున్నాను. కాని తలుపులు మూయొద్దని ఇంతకాలం అమ్మతో పోట్లాడింది నేనే. ఇప్పుడు నేనే కన్నం మూస్తే అమ్మ జన్మంతా దెప్పుతుంది. అందుకని చాటుగా చేశాను. అమ్మ బావి దగ్గర ఉన్నప్పుడు, రత్నం వరండాలో కూర్చున్నప్పుడు, బల్ల ఎక్కి కన్నంలో గోనెగుడ్డ కుక్కి, పైన మెత్తటి బంకమట్టి పూశాను. మరక కనపడకుండా సున్నం నీళ్ళు కూడా రాశాను. అయిదు నిమిషాల పని. దిగి చేతులు కడుక్కున్నాను. మనసు తేలికపడింది. ఆ మాట కూడా దాచను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక రత్నం పడుకుంది. అరగంట కాలేదు, లేచి కూర్చుంది.

దానికి ఉబ్బసం రావడం చాలాసార్లు చూశాను. అలాంటిది ఎప్పుడూ చూడలేదు. పిల్లికూతలు కూడా లేవు. నోరు తెరుస్తోంది, లోపలికి ఏమీ పోవడం లేదు. మాత్ర వేస్తే మింగలేక ఉమ్మేసింది. పెదాలు, గోళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మంచం కోడుని పట్టుకున్న దాని చెయ్యి విడిపించడం నావల్ల కాలేదు.

సన్యాసి సైకిలేసుకుని కాంపౌండరు కోసం భీమిలి పరిగెత్తాడు. వెళ్ళి రావడానికి ఎంత లేదన్నా రెండు మూడు గంటలు. అమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది. "ఓరి నాయనో, సత్యా, గుంట సచ్చిపోతందే" అంటోంది. ఆ మాట ఒకటే అంటోంది.

నేను అన్ని తలుపులూ తీశాను. కుక్కిన గుడ్డలన్నీ లాగి పారేశాను. అమ్మ అడ్డుపడలేదు. సముద్రపు గాలి హాల్లోకి వచ్చింది, క్యాలెండరు కింద పడింది, వెనక గదిలోకి మాత్రం ఆ గాలి అందలేదు. రత్నాన్ని లేపి హాల్లోకి తీసుకెళ్ళబోతే కాళ్ళు తేలేసింది. మళ్ళీ పడుకోబెట్టాం.

దాని కళ్ళు నా మీదే ఉన్నాయి. నేను ఏదో చేస్తానని చూస్తోంది. నేనేం చేశానో నాకు తెలుసు.

బల్ల ఎక్కి మట్టి గీకేసి, ఇనపచువ్వతో గోనెగుడ్డని అవతలికి పొడిచాను. కన్నం తెరుచుకుంది. గాలి రాలేదు. చెయ్యి పెట్టి చూశాను, కాగితం ముక్క పెట్టి చూశాను. చచ్చిన కన్నం.

అప్పుడు ఎలా తట్టిందో తెలీదు. బావి దగ్గరికి పరిగెత్తి చేదతాడు ఊడదీసుకొచ్చాను. పంకా చట్రం మీద అమ్మ చీరలు రెండు ఉన్నాయి. వాటినే మడతలు విప్పి బారుగా వేలాడదీసి, తాడు ఒక కొస చట్రానికి కట్టి, రెండో కొస గిలక మీంచి కన్నంలోకి తోశాను. చుట్టూ తిరిగి పెరట్లోకి పరిగెత్తి మెట్లెక్కి ఆ ఇరుకు వరండాలో దూరాను. తాడు అందుకుని లాగాను.

గొలుసులు కిర్రుమన్నాయి. చట్రం ఊగింది. గోడ అవతల అమ్మ "ఆఁ, ఆఁ, వస్తంది, లాగవే" అంది.

అక్కడినుంచి నాకు రత్నం కనపడదు. అమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. లోపల అది ఉందో పోయిందో తెలీకుండా లాగుతూ ఉండడమే. చేదతాడు కొబ్బరిపీచుది. కాసేపటికే అరచేతులు కాలిపోయాయి. బొబ్బలెక్కాయి, పగిలాయి. నేను సరిగ్గా లాగలేకపోతున్నానని నాకే తెలుస్తోంది. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా. అమ్మ గొంతు ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి ఏడుపులోకి దిగుతుంది. అరగంట లాగి ఉంటాను. భుజాలు చచ్చుబడిపోయాయి. వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. కూలబడిపోయాను.

నన్ను నేను తిట్టుకుంటూ మళ్ళీ తాడు కోసం తలెత్తాను.

తాడు కదులుతోంది.

వదిలేసిన చట్రం కొంతసేపు ఊగుతుంది, తాడూ దానితో పాటు కదులుతుంది. ఆ లెక్క నాకు తెలుసు. పది ఊపులు, పదిహేను ఊపులు, అంతే. నేను లెక్కపెట్టాను. నూరు దాటింది.

అదీ కాక, వదిలేసిన తాడు గిలక నుంచి నిటారుగా వేలాడాలి. అది నిటారుగా లేదు. ఏటవాలుగా, బిగుసుకుని, ఆ మూల గుంటపడిన నేల వైపు సాగి ఉంది. దాని కొస నేలకి జానెడు ఎత్తులో, గాలిలో ఉంది. ముందుకి, వెనక్కి. మనిషి తొంగుని కాలు చాపితే పాదం ఎక్కడుంటుందో అక్కడ. మూలలో ఎవరూ లేరు. గోడ మీద నూనె మరక ఉంది, ఎండ పడుతోంది. మధ్యాహ్నం మూడు గంటల వెలుగు. మసకా చీకటీ ఏమీ లేదు.

"సత్యా, ఆపకే" అంది అమ్మ గోడ అవతలినుంచి. "ఊపిరి అందుతంది గుంటకి. ఆపకు."

"ఆపనమ్మా" అన్నాను. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

లేచి పారిపోదామంటే అది ఆగిపోతుందేమోనని భయం. కూర్చోవడమూ భయమే. మెట్టు మీద ముడుచుకుని తాడు వంకే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో అమ్మ ఇంకో రెండుసార్లు ఆపకు అంది. రెండుసార్లూ ఆపనన్నాను. నిమిషానికి ఎన్నో చెప్పక్కర్లేదనుకుంటాను. అయినా లెక్కపెట్టాను. పదహారు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద సైకిలు బెల్లు వినిపించింది. తాడు ఒక్కసారి దీర్ఘంగా వచ్చి, వదులైపోయింది. నిటారుగా వేలాడింది.

కాంపౌండరు ఇంజక్షను ఇచ్చాడు గాని, పెద్ద అవసరం కనపడ్డం లేదన్నాడు. రత్నం హాయిగా నిద్రపోతోంది. గోళ్ళు మామూలు రంగులో ఉన్నాయి. అమ్మ నా చేతులు చూసి భోరుమని ఏడ్చింది, వెన్న రాసింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను అలా దగ్గరికి తీసుకోవడం అదే.

తాడు విప్పడానికి సన్యాసి వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. తాడు కొసన ఒక ఉచ్చు ఉంది. చిన్నది, నున్నగా, లోపల గుడ్డపీలిక చుట్టి కట్టినది.

"బొటనేలి ముడి ఇది. ఎవులు నేర్పేరమ్మా మీకు?" అన్నాడు. "ఈ ముడి ఎయ్యడం మా తాతకే వొచ్చు. మా అయ్యకి రాలేదు."

నేను ఏ ముడీ వెయ్యలేదు. నేనే వేశానన్నాను. ఇంకేమంటాను?

ఆ గుడ్డపీలిక నేను కన్నంలో కుక్కిన గోనెగుడ్డలోది.

ఆ శనివారం నాన్న వచ్చాక మేం వెళ్ళిపోతామని నేనే పట్టుబట్టాను. నాన్న వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని విశాఖపట్నంలో తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక గది చూశారు, గానుగలు ఆగేదాకా అక్కడే ఉన్నాం. తరవాత రత్నం ఉబ్బసం ఏడాదికేడాది తగ్గింది. పెద్దయ్యాక కొందరికి తగ్గుతుందని డాక్టర్లు చెప్పారు. అది తగ్గడాన్ని నేను దేనికీ ముడిపెట్టను.

డెబ్బైల్లో, అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగైదేళ్ళు అయింది, తోటి టీచర్లతో భీమిలి వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే ఆ బంగళాకి నడిచి వెళ్ళాను. చేతులు మారింది. అద్దెకిచ్చే గదులు చేస్తున్నారు. ఇరుకు వరండా గోడ పగలగొట్టి పడగ్గదికి స్నానాలగది కట్టారు. బెల్లం సున్నం మీద సిమెంటు పూశారు, అది అప్పుడే పెచ్చులూడుతోంది. దూలానికి కరెంటు ఫ్యాను తగిలించారు. సన్యాసి పోయి రెండేళ్ళయిందట. ఇంకెవర్ని అడగను?

నాకు నేను చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నాను. భయంలో కాలం తెలీదు, అరగంట అనుకున్నది మూడు గంటలేమో, మొత్తం నేనే లాగి ఉంటానేమో. అలసటకి కళ్ళు మోసం చేసి ఉంటాయి. ముడి నేనే వేసి మరిచిపోయి ఉంటాను. ఒక్కోదానికీ ఒక్కో జవాబు ఉంది. అన్నీ కలిపి కూడితే మాత్రం ఆ మధ్యాహ్నం రావడం లేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా రాలేదు.

ఒకసారి, చాలా ఏళ్ళకి, ఆ పూట నీకేం గుర్తుందే అని రత్నాన్ని అడిగాను.

"మొదట్లో ఎగుడుదిగుడుగా లాగేవే అప్పా. గాలి ముక్కుకి అందేది కాదు, పేణం పోతందనుకున్నాను" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. "తరవాత నీకు సెయ్యి కుదిరింది. ఇంక నేను ఊపిరి తీసుకునే పని కూడా నేకపోయింది. నువ్వే తీసినట్టుండేది."

ఇప్పుడు రత్నానికి మనవలు. ఇంట్లో ఏ శుభకార్యానికి నలుగురం కలిసినా ఎవరో ఒకరు ఆ కథ అడుగుతారు. అది నా చేతులు పట్టుకుని, అరచేతులు తిప్పి అందరికీ చూపిస్తుంది. మూడు గంటలు లాగింది మా అప్ప, ఈ చేతులే నా పేణం నిలబెట్టేయి అంటుంది. కొత్త కోడళ్ళు నా కాళ్ళకి దండం పెడతారు. నేను కాదు అనాలంటే మిగతాది కూడా చెప్పాలి. అందుకని ఎప్పుడూ ఏమీ అనలేదు. అమ్మ కూడా ఆ నమ్మకంతోనే పోయింది.

ఇది అచ్చయితే రత్నం చదువుతుంది. నా రాత ఏది కనపడినా చదువుతుంది.

రత్నం, ఆ కన్నం మూసింది నేనే. భయపడి మూశాను. నేను లాగింది అరగంట. మిగతా అంతసేపూ ఎవరు లాగారో నాకు తెలీదు.